అటు కొడితే ఔటు

హెల్మెట్ ఒళ్లో పెట్టుకొని కూర్చుంది భానుప్రియ. లోపలినుంచి కొబ్బరినూనె వాసన, బిందుదే అయ్యుంటుంది, జట్టుకు చాలినన్ని హెల్మెట్లు లేవు కాబట్టి ఒకరి తలనూనె ఇంకొకరి తలకు అంటాల్సిందే, ఇంకాసేపట్లో తన తలకూ అంటుతుంది, అంటనీ, పోయినేడు మటుకు ఇదే హెల్మెట్‌లో కర్పూరం వాసన వచ్చింది, ఎవరో జలుబుకు రాసుకున్న మందు, ఆ వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా ముక్కు పక్కకు తిప్పుకుంటుంది. షామియానా గుడ్డ టపటపా కొట్టుకుంటోంది. మధ్యాహ్నం తిరిగితే చాలు, నెల్లూరు ఊళ్లోకి కూడా సముద్రం గాలి వచ్చేస్తుంది, తన ఊరు మైపాడు నుంచి టికెట్ కొనకుండా వచ్చేది అదొక్కటే. వీపుకు తగులుతోంది. ఎప్పుడూ వీపుకే. ఇదే ఆఖరి ఇన్నింగ్స్, ఇదే సాఫ్ట్‌బాల్ ఫైనలు, సూళ్లూరుపేట జట్టు రెండు పరుగులు ముందుండి, ఇందాకే ఒకటి తగ్గి, ఇప్పుడు ఒక్క పరుగు ముందుంది. ముందు బిందు కొట్టాలి, తర్వాత లిల్లీ, తర్వాత ఇంకో పిల్ల, ఆ తర్వాత తను. పోతే ఏం చేయమంటారో తెలుసు. బంట్. వచ్చే బంతికి బ్యాట్ అడ్డం పెట్టి, అది మెత్తగా కాళ్ల ముందు రాలేట్టు చేసి పరుగెత్తడం. కొట్టడం కాదు, అడ్డం పెట్టడం. ఏడాదిగా కోచ్ సానియా మేడం తన చేత చేయిస్తున్నది అదే. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కొట్టనిస్తే చాలని ఏడాదిగా తను ఎదురుచూస్తోంది.

మేడంది తప్పని కూడా అనడానికి లేదు. పోయినేడు ఏం చేసిందో అందరూ చూశారు. అది తన మొదటి పెద్ద మ్యాచ్, జట్టులోకి వచ్చి ఎన్నాళ్లో కాలేదు, బంతి నడుము ఎత్తున వచ్చింది, కొట్టింది, అది బ్యాట్‌కు తగిలిన సంగతి చేతులకు తెలియనే లేదు, మెత్తని మీగడలోకి చెంచా దిగినట్టు దిగిందంతే, బంతి కుడిపక్క అమ్మాయిల మధ్యలోంచి దూసుకుపోయింది, ఆ సంతోషంలో పరుగెత్తింది, ఎట్లా పరుగెత్తిందంటే చిన్నప్పటినుంచి మైపాడు ఇసుకలో ఎట్లా పరుగెత్తిందో అట్లాగే, కుడిచేత్తో బ్యాట్ పట్టుకొని. మొదటి బేస్ దగ్గరికి వచ్చి వంగి, చెయ్యి బారచాపి, బ్యాట్ కొస ఆ తెల్లటి దిండుకు ఆనించి, హమ్మయ్య అనుకొని ఆగిపోయింది. క్రికెట్‌లో క్రీజులో బ్యాట్ పెట్టినట్టు. కాలు పెట్టాలి. సాఫ్ట్‌బాల్‌లో బేస్‌మీద కాలు పెట్టాలి, బ్యాట్ పెడితే ఎవరికీ అక్కరలేదు, అది కొట్టినచోటే పారేసి రావాలి. ఆ సంగతి గుర్తొచ్చేసరికి బంతి రావడం, అవతలి అమ్మాయి దిండుమీద కాలు వేసి నవ్వడం, అంపైరు చెయ్యెత్తడం అన్నీ అయిపోయాయి. ఆ ఔటుతో మ్యాచ్ పోయింది. షామియానాలో ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బిందు మాత్రం బస్సులో, "క్రీజులో బ్యాట్ పెట్టినావు, థర్డ్ అంపైర్‌ని అడగాల్సింది" అన్నది, అందరూ పగలబడి నవ్వారు, తనూ నవ్వింది, ఆ రోజునుంచి జట్టులో తన పేరు క్రీజు. క్రీజూ నీళ్లు తే, క్రీజూ గ్లవ్స్ ఎక్కడ పెట్టినావు. ఇంటికి పోయి ఏడుస్తుంటే అమ్మ ప్రమీలమ్మ చేపల తట్ట కడుగుతూ మొత్తం విని, "అందరూ పారేసి పరిగెత్తే దాన్ని నువ్వెందుకు మే పట్టుకోని పోయినావు? దోవలో కుక్కలేమన్నా ఉండాయా?" అన్నది. ఏడుపులోనే నవ్వొచ్చి ముక్కు చీదుకోవాల్సి వచ్చింది.

ఠక్‌మని చప్పుడు. బిందు కొట్టింది. లేచి చూస్తే అప్పటికే మొదటి బేస్ దాటి తిరిగి వెనక్కి వస్తోంది, జడ ఎగిరి మెడకు చుట్టుకుంది. బిందు కొడితే చూడముచ్చటగా ఉంటుంది, ఎక్కడా తొందర కనపడదు, కాలు, నడుము, చేతులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, పెళ్లి బంతిలో విస్తళ్లు పరిచాక అన్నం, అన్నం తర్వాత పప్పు, పప్పు మీద నెయ్యి వచ్చినట్టు. తనకు మాత్రం అన్నీ ఒకేసారి వచ్చేవి, లేదా నెయ్యి ముందొచ్చేది. చేతులు ముందు పోయేవి. "చేతుల్తో కాదు మే, నడుముతో కొట్టాల" అని సానియా మేడం ఎన్నిసార్లు చెప్పారో. మేడం అల్లూరు మనిషి, వాళ్ల నాయన హుస్సేన్ సాహెబ్ అక్కడ బట్టలు కుడతారు, ఆమె తన కాలంలో రాష్ట్రం జట్టుకు ఆడారు, ఇప్పటికీ బ్యాట్ చేతికి తీసుకుంటే చుట్టుపక్కల మాటలు ఆగిపోతాయి. వేపకొమ్మకు పాత స్కూటరు టైరు కట్టి దాన్ని కొట్టించారు. వెనక కాలి బొటనవేలితో బీడీ ముక్క నలిపినట్టు తిప్పమన్నారు, అప్పుడు మోకాలు తిరుగుతుంది, మోకాలు తిరిగితే నడుము తిరుగుతుంది, నడుము తిరిగితే చేతులు అవే వస్తాయి. కళ్లు బంతిమీదనే, అది ఎటు పోతుందో చూడాలని తల ముందే ఎత్తకూడదు. అన్నీ నేర్చుకుంది. కొట్టాక బ్యాట్ వదలడం కూడా నేర్చుకుంది, మొదట్లో పారేయడానికి మనసొప్పక పసిబిడ్డను పడుకోబెట్టినట్టు వంగి నేలమీద పెట్టేది, ఆ వంగి లేచే లోపల బిందు అయితే బేస్ చేరిపోయేది. అన్నీ నేర్చుకున్నా ఒకటి మాత్రం రాలేదు. నడుము తిరుగుతూ తిరుగుతూ మధ్యలో ఆగిపోయేది. టైరు దగ్గర ఆగదు. బంతి వస్తే ఆగుతుంది. "గొళ్ళెం పడినట్టు ఆగిపోతుండావు. ఎవరికి భయపడుతుండావు?" అని మేడం అడిగితే ఏం చెప్పాలి. ఎవరికీ కాదు మేడం అని చెప్పింది. నిజంగానే తెలియదు. తెలిస్తే ఎప్పుడో మానుకునేది కదా.

లిల్లీ కూడా కొట్టింది. ఇప్పుడు ఇద్దరు బేస్‌లమీద ఉన్నారు, షామియానాలో కుర్చీలు ఖాళీ, అందరూ లేచి నిలబడి ఉన్నారు. భాను హెల్మెట్ తలకు పెట్టుకుంది. నూనె వాసన దగ్గరైంది. లోపల తన ఊపిరి తనకే వినపడుతోంది, చెవిదగ్గర శంఖం పెట్టుకుంటే వినపడినట్టు, శంఖంలో వినపడేది సముద్రం కాదంటారు, అయినా సముద్రమే వినపడుతుంది, పొద్దున మొహం కడిగేటప్పుడు వినపడేది, అన్నం తినేటప్పుడు వినపడేది, ఎంతగా వినపడుతుందంటే నెల్లూరు హాస్టల్లో మొదటి రాత్రి ఆ చప్పుడు లేక చెవులు నొప్పిపుట్టాయి. ఆ ఒడ్డున అన్న పెంచల్, వాడి సావాసగాళ్లు ఆడే క్రికెట్టు. వెనకాల ఫైబర్ పడవలు వరసగా పెట్టి ఉంటాయి కాబట్టి కీపరు అక్కర్లేదు, వికెట్లకు బదులు పగిలిపోయిన ఐస్ పెట్టె, ఒక్క కొసనుంచే బ్యాటింగు. నిలబడితే ముఖం ఊరివైపు, వీపు సముద్రం వైపు. ఊరివైపు ఎంత దూరమైనా కొట్టుకో, వలల మీద పడ్డా, ఎండుచేపల మీద పడి పేరమ్మవ్వ తిట్లందుకున్నా, పరుగులే. సముద్రం వైపు పోతే ఔటు. ఔటయినవాడే దిగి బంతి తెచ్చుకోవాలి. మగపిల్లలు లుంగీ ఎగ్గట్టి దూకుతారు. ఆడపిల్ల దిగితే ఇంట్లో వీపు పగులుతుంది. అందుకని తనను ఆడనిచ్చేముందే పెంచల్ వేలు చూపించి చెప్పాడు, "మే, అటు మాత్రం కొట్టబాక. అటు కొట్టినావంటే ఇంకెప్పుడూ పిలవం." ఎనిమిదో తొమ్మిదో ఏడు అప్పుడు. ఒక్కసారి కూడా కొట్టలేదు. బంతి కాళ్లమీదికి వచ్చినా, బతిమాలినట్టు వచ్చినా, నడుము ఆపుకొని, చేతులు బిగబట్టి, ఊరివైపే తోసింది. అందుకు మెచ్చుకున్నారు కూడా, భాను ఉంటే బంతి పోదు అని. ఎంత పొంగిపోయేదో ఆ మాటకి.

మూడో పిల్ల కొట్టింది గాని బంతి నేలమీద దొర్లి అవతలివాళ్ల చేతికి పోయింది, ఆమె ఔటు, అయితే ఆ సందులో బిందు మూడో బేస్‌కు, లిల్లీ రెండో బేస్‌కు జరిగారు. అంటే బంట్ పెడితే బిందు వచ్చేస్తుంది, సమానమవుతుంది. గట్టిగా కొడితే లిల్లీ కూడా వస్తుంది, గెలుస్తారు. కొట్టి దొరికిపోతే రెండూ లేవు. ఇది లెక్క తెలిసినవాళ్లకు ఎవరికైనా బంటే. భాను బ్యాట్ అందుకుంది. పిడి పట్టుకోగానే అరచేతిలో కాయలు వాటి చోట్లలో అవి కూర్చున్నాయి. నడుస్తుంటే కంచెదగ్గర అమ్మ కనపడింది. అమ్మ వస్తానని చెప్పలేదు. పొద్దున చేపలు అమ్ముకొని, ఖాళీ తట్ట బోర్లించి దానిమీద కూర్చొని, కొంగుతో మొహం తుడుచుకుంటూ చూస్తోంది, ఎవరు మన పిల్లలో, ఎవరు కాదో, ఎవరు ఎందుకు పరుగెత్తుతున్నారో ఏమీ తెలియకుండా, దేవుడి పెళ్లి చూస్తున్నంత శ్రద్ధగా. పక్కన పెంచల్ నిలబడి చేతులు తిప్పుతూ ఏదో విడమరుస్తున్నాడు. వాడికి మాత్రం తెలుసు. వాడికి తెలిసినంత మేడంకి కూడా తెలియదు.

తన నడుము ఎందుకు ఆగిపోతుందో మేడంకి తెలిసింది ఎండాకాలంలో. చేపల వేట నిషేధం రోజులు, పడవలన్నీ ఒడ్డునే, మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ విసుక్కునే రోజులు. ఒక ఆదివారం సానియా మేడం వాళ్ల పిల్లల్ని సముద్రం చూపించడానికి మైపాడు తీసుకొచ్చి, ఐస్ పెట్టె ముందు బ్యాట్ పట్టుకొని ఉన్న భానును చూశారు. పలకరించలేదు, పడవ చాటున నిలబడి చూశారు. బంతి కాళ్లమీదికి వచ్చింది. గొళ్ళెం పడింది. మేడం చెప్పులు చేత్తో పట్టుకొని ఇసుకలో విసవిసా వచ్చారు.

"ఎందుకట్టా ఆపినావు?"

భాను నోరు తెరిచే లోపలే పెంచల్ చెప్పాడు, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "అటు కొడితే ఔటు గదా మేడం."

మేడం సముద్రం వైపు చూశారు, భాను వీపు చూశారు, మళ్లీ సముద్రం చూశారు, ఇసుకలో కూలబడి నవ్వడం మొదలుపెట్టారు, కళ్లనీళ్లు కారేదాకా, పిల్లలు భయపడి దగ్గరికి వచ్చేదాకా. "నేను నడుముకి వ్యాయామాలు చెప్తా ఉండా. కాళ్లకి చెప్తా ఉండా. నీ రోగం ఇక్కడుంటే" అన్నారు. తర్వాత లేచి చున్నీ నడుముకు చుట్టుకొని పెంచల్‌తో, "నువ్వు పోయి నీళ్లలో నిలబడు. వేట లేదు గదా, ఖాళీగానే ఉండావు" అన్నారు. వాడు లుంగీ ఎగ్గట్టి పోయి నడుంలోతు నీళ్లలో నిలబడ్డాడు, అలకొకసారి ఎగురుతూ. ఊళ్లోవాళ్లు చూస్తున్నారు. మేడం బంతి వేశారు. కొట్టలేకపోయింది. మళ్లీ వేశారు. నడుము తిరగనంటుంది, తిరగమంటే ఏడుపొస్తోంది, చిన్నప్పుడు పెట్టిన ఒట్టు ఒళ్లంతా పట్టుకొని ఉంది. ఎన్నోదానికో తగిలింది. ఎట్లా తగిలిందో తెలియదు, బంతి సముద్రంలో పడింది, పెంచల్ తల మీదుగా పోయి నురుగవతల పడింది, ఎవరూ ఔటనలేదు. తన ముఖం ఊరివైపు లేదు. ఒళ్లు మొత్తం తిరిగి సముద్రానికి ఎదురుగా నిలబడి ఉంది. బ్యాట్ పట్టుకొని సముద్రాన్ని ఎదురుగా చూడడం అదే మొదలు. ఇంకొకటి కూడా ఆ రోజే చూసింది. పెంచల్‌కు అందని బంతిని కాసేపటికి అలే తెచ్చింది, కొంచెం అవతలగా, పడవల దగ్గర ఇసుకమీద పెట్టి పోయింది. పోయినవాటిలో చాలామటుకు అట్లాగే వచ్చాయి. ఒడ్డునపడ్డ ఆ తడి బంతిని చూస్తే ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపం వచ్చింది, ఇన్నేళ్లు దేనికి భయపడింది, దానంతట అదే తిరిగొచ్చేదానికా. వేట మొదలయ్యేదాకా ప్రతిరోజూ తెల్లవారాక కొట్టింది. వెనక కాలు తిరిగినచోట ఇసుకలో గుంటపడేది. ఆ గుంట చిన్నదైతే సరిగ్గా తిరగలేదని, పెద్దదైతే తిరిగిందని, అల వచ్చి పూడ్చితే మళ్లీ మొదటినుంచి.

కానీ ఒడ్డున కొట్టడం వేరు, ఇక్కడ కొట్టడం వేరు. ఇక్కడ మేడం ఒప్పుకోవాలి. నేర్పింది తనే అయినా మ్యాచ్ వచ్చేసరికి ప్రతిసారీ అదే బంట్ సైగ, ఎడమ చెవి కమ్మ తాకడం. భాను గీతల మధ్య నిలబడింది. ముఖం ఊరివైపు, బస్టాండు నీళ్ల ట్యాంకు వైపు. వీపుకు గాలి. ఈ గ్రౌండులో కూడా అదే వరస, ఇదేం చిత్రమో. మేడం వైపు చూసింది. మేడం చెవి కమ్మ తాకారు. సూళ్లూరుపేట పిల్లలకు కూడా క్రీజు బంటే పెడుతుందని తెలుసు, అందరికీ తెలుసు, మూడో బేస్ దగ్గర పిల్ల, మొదటి బేస్ దగ్గర పిల్ల ఇద్దరూ ఏరుకోవడానికన్నట్టు వంగి దగ్గరదగ్గరికి వచ్చేశారు. బంతి వేసే పొడుగు పిచర్ చెయ్యి గిరుక్కున తిరిగింది, బంతి మరీ ఎత్తుగా వచ్చింది, బ్యాట్ వెనక్కి లాక్కుంది. మళ్లీ మేడం వైపు చూసింది. మేడం భానును చూడటం లేదు, ముందుకు వచ్చేసిన ఆ మూడో బేస్ పిల్లను చూస్తున్నారు, ఆ పిల్ల వెనక ఖాళీగా పడి ఉన్న మైదానాన్ని చూస్తున్నారు. అది సముద్రం వైపు. చెయ్యి చెవిదాకా పోయింది. అక్కడే ఆగింది. దిగి వచ్చి ఒళ్లో పడింది, రెండో చెయ్యి కూడా వచ్చి దానిమీద పడింది, మేడం రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని, బస్సు కోసం కూర్చున్నవాళ్ల మాదిరిగా కుర్చీలో కూర్చుండిపోయారు. ఇదేం సైగ. ఇది నేర్పలేదే. భాను కాసేపు అట్లాగే చూసింది, అంపైరు కానీ కానీ అంటున్నాడు, అప్పుడు అర్థమైంది, సైగ లేదు. ఏ సైగా లేదు. నీ ఇష్టం.

పిడి మీద వేళ్లు మళ్లీ సర్దుకుంది. తర్వాతి బంతికి తొందరపడింది, చేతులు ముందు పోయాయి, నెయ్యి ముందొచ్చింది, బంతి ఊరివైపు గీత అవతల పడింది. పాత జబ్బు. మూడో బేస్ దగ్గర బిందు చప్పట్లు కొట్టి, "భానూ" అన్నది. క్రీజు అనలేదు. భానూ అన్నది. ఆ పేరు ఇక్కడ విని ఎన్నాళ్లయిందో. భాను వెనక కాలితో మట్టిని కొంచెం గీకింది, ఇసుక కాదు, ఎర్రమట్టి, గట్టిది, గుంట పడదు, పడకపోతే పోనీ. ఊపిరి వదిలింది. పిచర్ చెయ్యి పైకి లేచింది, గాలి వీపునుంచి మెడమీదికి వచ్చింది, బంతి ఆమె తుంటి పక్కనుంచి విడివడి, పసుపుపచ్చగా, కుట్లు కనపడేంత నిదానంగా, నిదానంగా వచ్చిందేమీ కాదు, అట్లా కనపడిందంతే, కాళ్లమీదికి, బతిమాలినట్టు. బొటనవేలు తిరిగింది. మోకాలు. నడుము తిరిగింది, గొళ్ళెం పడే చోటికి వచ్చింది, ఆ చోటు దాటింది, అక్కడేమీ లేదు, తీసి ఉన్న తలుపు, చేతులు వాటంతట అవే వచ్చాయి, మీగడ, చెంచా, పెంచల్ నీళ్లలో ఎగిరాడు, కాదు, పెంచల్ కంచెదగ్గర ఎగిరాడు, ముందుకొచ్చిన పిల్ల తలమీదుగా బంతి పోయింది, ఖాళీలో పడింది, దొర్లింది, దొర్లుతూనే ఉంది. గాలి మొహాన కొట్టింది. మొహాన. అప్పుడు తెలిసింది, తను ఏ వైపుకు తిరిగి ఉందో.

పరుగు. ఎవరో అరుస్తున్నారు, అందరూ అరుస్తున్నారు, బిందు వచ్చేసి ఉంటుంది, లిల్లీ వస్తుంటుంది, వెనక్కి చూడకూడదు, చేతులు ఎందుకింత తేలిగ్గా ఉన్నాయి, రెండూ ఊగుతున్నాయి, పక్షి రెక్కల్లాగా పనీపాటా లేకుండా ఊగుతున్నాయి, వీటిలో ఏదో ఉండాలే, ఏదీ లేదు, తెల్లటి దిండు దగ్గరవుతోంది, వంగొద్దు, చెయ్యి చాపొద్దు, కాలు. కాలు పెట్టింది. దిండు మెత్తగా అణిగింది. దాటిపోయిందల్లా మళ్లీ వెనక్కి వచ్చి ఇంకొకసారి కాలు పెట్టింది, ఎందుకైనా మంచిదని, రెండో కాలు కూడా పెట్టింది. హోమ్ దగ్గర లిల్లీ మీద అందరూ పడి గుట్టగా ఉన్నారు. గెలిచారు. గెలిచారని తెలుస్తూనే ఉంది, అయినా దిగాలనిపించలేదు, రెండు కాళ్లూ ఆ దిండుమీద ఆనించి, గాలిపటం ఎగరేసినవాళ్ల మాదిరి తల పైకెత్తి నిలబడింది. మేడం మైదానంలోకి నడిచి వచ్చారు. కళ్లు తుడుచుకున్నట్టున్నారు, ఎండ అని అంటారేమో.

"దిగు మే. మ్యాచ్ అయిపోయింది."

"కాలు పెట్టుండా మేడం."

"చూసినా."

"రెండూ పెట్టుండా."

"చూసినానంటుండా గదా" అని మేడం ఆమె తలను హెల్మెట్‌తో సహా గుండెకు అదుముకున్నారు. మేడం భుజం మీదుగా చూస్తే హోమ్ దగ్గర ఎర్రమట్టిలో బ్యాట్ పడి ఉంది, ఎక్కడ వదిలిందో అక్కడే, ఎవరికీ పట్టనట్టు. అమ్మ కంచె దాటి, తట్ట చంకనబెట్టుకొని, అడ్డమొచ్చినవాళ్లను తప్పించుకుంటూ దానిదగ్గరికి పోయి, వంగి తీసి, మట్టి దులిపి, కొంగుతో తుడిచి తట్టలో పెట్టుకుంది. అప్పుడు తలెత్తి మైదానానికి అడ్డంగా కూతురికి వినపడేట్టు అడిగింది.

"ఈసారి పారేసినావా మే?"

"పారేసినా అమ్మా" అన్నది భాను, ఖాళీ చేతులు రెండూ పైకెత్తి చూపిస్తూ.